ఘనపదార్థాల్లోనూ వ్యాపనం జరుగుతుందా?

వ్యాపనం అంటే అణువులో, పరమాణువులో ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి వాటంతటవే పాకడం. అగరుబత్తి వాసన గదంతా పాకుతుంది, నీళ్లలో సిరాచుక్క విచ్చుకుంటుంది, మరి గట్టి ఇనుములో ఏం కదులుతుందని మీరు అడిగారు.

కదులుతుంది. ఆ కదలికను నమ్ముకునే నేను జీతం తీసుకుంటున్నాను. బాలానగర్‌లో ఒక హీట్ ట్రీట్‌మెంట్ షాపులో పైపొర గట్టిపడేలా గేర్లకు కార్బన్ పట్టించడం నా పని. తక్కువ కార్బన్ ఉన్న ఉక్కు గేర్లను 930 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కార్బన్‌ను ఇచ్చే వాయువులో ఉంచుతాం. కార్బన్ పరమాణువులు చిన్నవి. ఇనుప పరమాణువుల మధ్య సందుల్లో గెంతుతూ లోపలికి పోతాయి. సుమారు ఒక మిల్లీమీటరు లోతుకు నాలుగైదు గంటలు.

చేరిన కొత్తలో ఒక ఆర్డరుకు రెండు మిల్లీమీటర్ల లోతు కావాలన్నారు. ఒకటికి ఐదు గంటలైతే రెండింటికి పది అనుకుని ధీమాగా ఇంటికి పోయాను. మర్నాడు టెస్ట్ పీసు కోసి, పాలిష్ చేసి, నైటాల్ (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లం) రాసి మైక్రోస్కోపు కింద పెడితే అంచు వెంబడి కార్బన్ చేరిన నల్లటి పట్టీ 1.4 దగ్గరే పలచబడిపోయింది. ఫోర్‌మన్ తిట్టలేదు. “ఏం బాబూ, వర్గమూలాలు మరిచిపోయావా?” అన్నారు. పరమాణువుకు దారీతెన్నూ తెలియదు. ముందుకు గెంతినంత తేలిగ్గా వెనక్కీ గెంతుతుంది. అందుకే రెట్టింపు లోతుకు నాలుగింతల సమయం. గేర్లను ఇంకా క్వెంచ్ చేయలేదు, అంటే గట్టిపడేలా ఒక్కసారిగా చల్లార్చలేదు కాబట్టి బతికిపోయాను. మళ్లీ ఫర్నేసులోకి, ఇంకో పది గంటలు.

ఈ వర్గమూలం లెక్క వాయువులకూ ద్రవాలకూ అదే. తేడా అంతా వేగంలో ఉంది. ఎంత వేగంగా పాకుతుందో చెప్పే వ్యాపన గుణకం గాలిలో సెకనుకు 0.1 చదరపు సెంటీమీటరు దరిదాపుల్లో ఉంటే, నీళ్లలో అందులో పదివేలో వంతు. ఎర్రగా కాలిన ఇనుములో కార్బన్‌కు అందులోనూ వందో వంతు దగ్గర. అదీ కార్బన్ కాబట్టి. ఇంచుమించు ఇనుమంత ఉండే నికెల్ పరమాణువు సందుల్లో దూరలేదు, కిక్కిరిసిన బస్సులోలా పక్క సీటు ఖాళీ అయ్యేదాకా కాచుకోవాలి. అదే వేడిలో అది మరీ నత్తనడక. గేరు చల్లబడ్డాక కార్బన్ కూడా దాదాపు ఎక్కడిదక్కడే. వాడినన్నాళ్లూ పొర లోతు మారదు.

అన్నట్టు, మీ అగరుబత్తి ఉదాహరణలో చిన్న మెలిక ఉంది. ఆ వాసనను మన దాకా మోసుకొచ్చేది చాలావరకు గాలి కదలికే. గాలి పూర్తిగా నిలిచిపోయి, వ్యాపనం ఒక్కటే పని చేస్తే గది ఈ మూల నుంచి ఆ మూలకు చేరడానికి రోజులు పడుతుంది. ఇనుములో అలా మోసే ప్రవాహం లేదు.