ఎస్‌యూవీ వెనక సీటు కింద హ్యాండ్‌గన్ పెట్టి వెళ్లొచ్చా?

శ్రీకాంత్ గారూ, షూటింగ్ రేంజ్ (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటు) నుంచి ఇంటికొస్తూ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో సరుకుల కోసం ఆగినప్పుడు, హ్యాండ్‌గన్‌ను కారులో సీటు కింద పెట్టి డోర్లు లాక్ చేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ.

కాలిఫోర్నియా పీనల్ కోడ్ (శిక్షాస్మృతి) సెక్షన్ 25140 ప్రకారం, కారులో ఎవరూ లేనప్పుడు హ్యాండ్‌గన్‌ను లాక్ చేసిన డిక్కీలోనైనా ఉంచాలి, లేదా తాళం వేసిన పెట్టెలో పెట్టి ఆ పెట్టె బయటికి కనపడకుండానైనా ఉంచాలి. మీది ఎస్‌యూవీ అన్నారు కదా, చిక్కంతా అక్కడే ఉంది. ఎస్‌యూవీ, హ్యాచ్‌బ్యాక్‌ల వెనక భాగాన్ని ఈ చట్టం డిక్కీగా లెక్కించదు. డాష్‌బోర్డులోని గ్లవ్ బాక్స్‌కు తాళం ఉన్నా అది పెట్టె కిందికి రాదు. అద్దాలకు టింట్ ఉన్నా, తొంగి చూస్తే కనిపించే చోటు కనిపించే చోటే. ఈ నియమం పాటించకపోతే 1000 డాలర్ల వరకు జరిమానా.

కాబట్టి తాళం ఉన్న గట్టి పెట్టె ఒకటి కొనండి. దాన్ని స్టీల్ కేబుల్‌తో సీటు ఫ్రేమ్‌కు కట్టేయండి. కేబుల్ చట్టం అడగదు, కానీ పెట్టెతో సహా ఎత్తుకుపోయే దొంగలున్నారు. ఒకవేళ గన్ పోతే, తెలిసిన 5 రోజుల్లోపు పోలీసులకు చెప్పడం తప్పనిసరి. మీరు మాత్రం ఆ రోజే చెప్పండి.

జరిమానా కన్నా నన్ను భయపెట్టేది వేరే. 2015 జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో సముద్రపు ఒడ్డున ఉన్న పియర్ 14 అనే వంతెన లాంటి కట్టడం మీద ఒక యువతి ప్రాణం తీసిన పిస్టల్, దానికి నాలుగు రోజుల ముందు ఒక ఫెడరల్ అధికారి కారులోంచి దొంగిలించినదే. అసలు వీలైతే ముందు ఇంటికెళ్లి గన్ సేఫ్‌లో పెట్టి, తర్వాత సరుకులకు వెళ్లండి.