తమ్ముడు మధ్యలో లేచి వెళ్లిపోతున్నది పుస్తకం వల్ల కాదేమో

అమ్మా, నీ లెటర్ రెండుసార్లు చదివా. నువ్వూ తమ్ముడూ ఐదేళ్లుగా జేన్ ఆస్టెన్ నవలలు వంతులేసుకుని పైకి చదువుకోవడం, నవల అవ్వగానే దాని సినిమా పెట్టుకుని కూర్చోవడం, ఇప్పుడు వాడికి 19 వచ్చేసరికి "అవి ఆడపిల్లల పుస్తకాలు" అంటూ మధ్యలో లేచి వెళ్లిపోవడం, ఫ్రెండ్సే చెడగొట్టారని నీ బాధ, అంతా అర్థమైంది. కానీ చివర్లో ఒక మాట అలా పడేసి వెళ్లిపోయావు చూడు, "మొన్న కజిన్స్ అందరి ముందు, వీడు పర్సుయేషన్ నవల్లో హీరో రాసిన ఆ ఉత్తరం చదివి ఏడ్చాడని సరదాగా చెప్పా" అని. నాకైతే అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తోంది.

సరదా నీకు. వాడికి కాదు. నీ ముందు ఏడ్చాడంటే అది నీ దగ్గరే ఆగిపోతుందన్న ధైర్యంతోనే కదా, పదిమందీ నవ్వాక మళ్లీ నీ పక్కన కూర్చుని పేజీ తిప్పాలంటే ఎలా ఉంటుంది చెప్పు.

నువ్వు కావాలని చెయ్యలేదులే. ఆస్టెన్ ఇంట్లోనే ఇలాంటిది జరిగింది. ఆవిడ బతికుండగా తన నవలల మీద పేరు వేసుకోలేదు. 1813లో ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌ని స్కాట్లాండ్‌లో ఎవరో మెచ్చుకుంటుంటే వాళ్లన్న హెన్రీ ఆగలేక, రాసింది మా చెల్లే అని చెప్పేశాడు. గుట్టు బయటపడిందని ఇంకో అన్నకి రాసిన ఉత్తరంలో ఆవిడ వాపోయింది, ప్రేమకొద్దీ చేశాడనీ అందులోనే రాసింది. అయితే ప్రేమతో చేశాడనే మాట అనాల్సింది ఆవిడే, హెన్రీ కాదు. కాబట్టి "ప్రేమతోనే కదరా చెప్పా" అని నువ్వు మొదలెట్టకు.

వాడు ఒక్కడే ఉన్నప్పుడు "ఆరోజు నేను చెప్పకుండా ఉండాల్సింది, సారీరా" అను. అంతే. ఆ వెంటనే సినిమా చూద్దాం రా అంటే మాత్రం సారీ అంతా అందుకోసమే అనుకుంటాడు.

కొన్నాళ్లాగి 1995లో వచ్చిన ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ సీరియల్ నువ్వొక్కదానివే హాల్లో పెట్టుకో, ఆరు ఎపిసోడ్లే. హీరో డార్సీ చెరువులో దూకే సీన్ నవల్లో లేదని వాడికీ తెలుసు, అటు వెళ్తూ ఏదో ఒక వెటకారం ఆడకుండా ఉండలేడు. ఆడాడే అనుకో, నువ్వూ ఒక మాట అను, కూర్చోమని మాత్రం అనకు. నిలబడే చూడనీ.