కుక్క తాడు లాగకుండా నడవాలంటే ఏం చేయాలి?

విజయనగరంలో అయ్యకోనేరు గట్టు మీదికి వాకింగ్‌కి తీసుకెళ్తే కుక్క చెయ్యి ఊడొచ్చేలా లాగుతోందని అడిగారు. లాగితే ముందుకు పోవచ్చని దానికి అలవాటైపోయింది. తాడు బిగిసిన క్షణమే ఆగిపోండి, మీరు తిరిగి లాగొద్దు. అది మీ వైపు చూసి తాడు కాస్త వదులైందా, వెంటనే "శభాష్" అంటూ మీ మోకాలి పక్కన ఉడికించిన చికెన్ ముక్క అందించి, అప్పుడు కదలండి. మొదట్లో గేటు దాటడానికే పది నిమిషాలు పట్టొచ్చు, విసుక్కోకండి. ఇంట్లో ఒకరు ఆగి, ఇంకొకరు లాగనిస్తే మాత్రం ఎన్నాళ్లైనా నేర్చుకోదు.

వీధికుక్కలు దూరంగా కనిపించగానే పక్క సందులోకి తిప్పేయండి. మొరగడం మొదలయ్యాక చికెన్ వంక కూడా చూడదు. మెడ బిగించే గొలుసు వద్దే వద్దు, ఛాతీకి వేసే బెల్టు వాడండి. ఎండాకాలం తారురోడ్డుకు పాదాలు కాలతాయి, తెల్లవారుజామునే తిప్పండి.