ఐమూలగా పరిగెడితే దొరకదు: హైస్కూల్‌లో గేమ్ డిజైన్ చదివిన నా అనుభవం

హైస్కూల్‌లో ఐచ్ఛికాంశంగా వీడియో గేమ్ డిజైన్, ప్రోగ్రామింగ్ కోర్సు ఉందని, దాన్ని తీసుకుంటే నిజంగా ప్రయోజనం ఉంటుందా, లేక కాలేజీలో కంప్యూటర్ సైన్స్‌లో చేరేదాకా ఆగడం మేలా అని మీరు అడిగారు. తప్పకుండా తీసుకోండి అన్నదే నా సమాధానం, కానీ ఉద్యోగం కోసం మాత్రం కాదు. నేను ఆ కోర్సు రెండేళ్ళు చదివాను. ఇప్పుడు గేములు తయారు చేసే పనిలో లేను. ఆసుపత్రుల్లో నర్సులు ఏ రోగికి ఏ మందు ఎప్పుడు ఇచ్చారో నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. అయినా నేను చదివిన చదువు మొత్తంలో ఈ పనికి అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చింది ఆ కోర్సులో ఒక మధ్యాహ్నం జరిగిన సంగతే కాబట్టి, దాన్ని వివరంగా చెబుతాను.

మొదటి ఏడాది చివర్లో మాలో ప్రతి ఒక్కరూ ఒక చిన్న గేమ్ పూర్తి చేయాలి. నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, గేములు రాయడానికి పనికొచ్చే పైగేమ్ అనే కోడ్ సంపుటి సాయంతో రాశాను. చతురస్రాకారపు పెద్ద ప్రాంగణం, అక్కడక్కడా స్తంభాలు, ఎడమవైపు పై మూలలో ఆటగాడు, కుడివైపు కింది మూలలో బయటికి వెళ్ళే ద్వారం. ప్రాంగణం ఒక్కో వైపు 2400 పిక్సెళ్ళు, అంటే బొమ్మలోని చుక్కలు. ఆట మొదలైన 2 సెకన్లకు వెనక తలుపు తెరుచుకుని కాపలావాడు వస్తాడు. సెకనుకు 60 ఫ్రేములు నడిచే, అంటే తెర మీది బొమ్మ సెకనుకు 60 సార్లు మారే ఆ ఆటలో ఆటగాడు ఫ్రేముకు 4 పిక్సెళ్ళు, కాపలావాడు 5 పిక్సెళ్ళు కదులుతారు. అంటే పరిగెత్తి గెలవడం అసాధ్యం, స్తంభాల చాటున ఆగి, వాడి చూపు తప్పించుకుంటూ ద్వారం చేరాలి. నక్కి దాక్కోవడంలో ఉండే గుబులే నా ఆటకు ప్రాణమని నేను నమ్మాను. మూడు వారాల పాటు రోజూ ఆడి చూసుకున్నాను. ఎక్కడా తప్పు కనిపించలేదు.

ప్రదర్శనకు వారం ముందు, మాకంటే రెండు తరగతులు కింద చదివే ఒక అమ్మాయి కంప్యూటర్ గదికి వచ్చి ఆడతానని అడిగింది. నేను పక్కన నిలబడ్డాను. ఆ అమ్మాయి కుడి బాణం కీ మీద ఒక వేలు, కింది బాణం కీ మీద ఒక వేలు ఉంచి రెండూ ఒకేసారి నొక్కిపట్టింది. ఆటగాడు ఆ మూల నుంచి ఈ మూలకు గీత గీసినట్టు ఐమూలగా దూసుకుపోయాడు. కాపలావాడు వచ్చాడు, వెంటపడ్డాడు, ఇద్దరి మధ్య దూరం తగ్గాల్సింది పోయి పెరుగుతూ వచ్చింది. సరిగ్గా 10వ సెకనుకు ఆట ముగిసింది. ఒక్క స్తంభం వెనుక కూడా ఆగలేదు. నావైపు తిరిగి, "అన్నా, ఐమూలగా పరిగెడితే వాడు నన్ను పట్టుకోలేకపోతున్నాడు, మళ్ళీ ఆడనా?" అంది. అలా వరుసగా ఆరుసార్లు గెలిచింది.

మూడు వారాలుగా నాకెందుకు కనిపించలేదంటే, నేను ఎప్పుడూ అలా ఆడలేదు. స్తంభం నుంచి స్తంభానికి అడ్డంగా, నిలువుగా వెళ్ళాలని ముందే అనుకున్నవాణ్ణి కాబట్టి నా వేళ్ళు అలాగే నడిచాయి. ఆ రోజు సాయంత్రం కాగితం మీద లెక్క వేశాను. కుడి కీ నొక్కితే అడ్డంగా 4 పిక్సెళ్ళు, కింది కీ నొక్కితే నిలువుగా 4 పిక్సెళ్ళు. రెండూ నొక్కితే రెండూ జరుగుతాయి. అడ్డం భుజం 4, నిలువు భుజం 4 ఉన్న లంబకోణ త్రిభుజంలో కర్ణం 32 వర్గమూలం, అంటే దాదాపు 5.66. నా ఆటగాడు ఐమూలగా వెళ్ళినప్పుడల్లా కాపలావాడి కంటే వేగంగా పరిగెడుతున్నాడు. పైథాగరస్ సిద్ధాంతాన్ని నేను అప్పటికి రెండేళ్ళ కిందటే చదివాను, నిరూపణ రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను కూడా. అది బాణం కీల కింద దాక్కుని ఉంటుందని మాత్రం నాకు తట్టలేదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువగా కలచివేసింది. కాపలావాడు ఆటగాడి వైపు ఏ దిశలో కదిలినా వాడి వేగం 5 దాటేది కాదు. అందుకు కారణం వెతికితే, కాపలావాడి కదలికకు నేను ఒక పాఠం నుంచి ఎత్తి రాసుకున్న నాలుగు వరుసల కోడ్‌లో, దిశను దాని పొడవుతో భాగించి, ఆ తర్వాత వేగంతో గుణించడం ఉంది. నాకు కావలసిన జవాబు అదే ఫైలులో, నేను సొంతంగా రాసిన వరుసలకు కొంచెం కిందనే, మూడు వారాలుగా నా కళ్ళ ముందే ఉంది. పని చేసింది కదా అని అదేమిటో చదవకుండా వదిలేశాను. అర్థం చేసుకోని కోడ్ మన ఫైలులో ఉన్నంతకాలం ఆ గేమ్ మనం తయారు చేసింది కాదని నాకు ఆ రోజు నుంచి గట్టి అభిప్రాయం.

సరిచేయడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఐమూలగా వెళ్ళేటప్పుడు అడ్డానికి 2.83, నిలువుకు 2.83 చొప్పున కదిలేలా మార్చాను. మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి మళ్ళీ ఆడమన్నాను. మళ్ళీ రెండు కీలూ నొక్కిపట్టింది. నిన్న ద్వారం దాటిన అదే 10వ సెకనుకు, దారిలో మూడింట రెండు వంతులు దాటాక, కాపలావాడి చేతికి చిక్కింది. నా లెక్క ఒక్క ఫ్రేమ్ కూడా తప్పలేదు. ఆ అమ్మాయి ఇంకోసారి ప్రయత్నించి, రెండు స్తంభాల వెనుక దాక్కుని, మూడోసారి మొదలుపెట్టకుండానే కుర్చీలోంచి లేచింది. "నిన్నటిదే బాగుంది" అని చెప్పి వెళ్ళిపోయింది.

ప్రోగ్రామింగ్ లెక్క ప్రకారం నేను ఒక బగ్‌ను తీసేశాను. డిజైన్ లెక్క ప్రకారం ఆ ఆటలో ఒక మనిషికి నచ్చిన ఒకే ఒక్క విషయాన్ని తీసేశాను. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి నిజమని పదహారేళ్ళ వయసులో తెలుసుకోవడమే ఈ కోర్సు వల్ల కలిగే ప్రయోజనం, నా దృష్టిలో.

గేముల చరిత్రలో ఇలాంటివి చాలా ఉన్నాయి. 1978లో తోమోహిరో నిషికాడో తయారు చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళు వేగం పుంజుకుంటారు. అది ముందుగా అనుకుని రాసింది కాదు. గీయవలసిన బొమ్మలు తగ్గేసరికి ఆ యంత్రం మిగిలినవాటిని త్వరత్వరగా కదిలించగలిగింది. నిషికాడో దాన్ని సరిదిద్దకుండా ఉంచేశారు, ఆ ఆట ఆడిన ప్రతివారికీ చివరి శత్రువును కొట్టేటప్పుడు కలిగే ఉద్వేగం అక్కడి నుంచే వచ్చింది. 1993 నాటి డూమ్‌లో ముందుకు, పక్కకు ఒకేసారి కదిలితే మామూలు కంటే వేగంగా పరిగెత్తవచ్చు, అచ్చం నా ఆటలో ఉన్న తప్పులాంటిదే. తక్కువ సమయంలో ఆట ముగించాలని పోటీపడేవాళ్ళు ఈనాటికీ దాని మీదే ఆధారపడతారు. ఈ సంగతులు నేను ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పటికి నా దగ్గర ఉన్నది "నిన్నటిదే బాగుంది" అన్న మాట ఒక్కటే.

రెండు రోజులు ఆలోచించి, పాత తప్పును తిరిగి పెట్టకుండా, ఆ అమ్మాయికి నచ్చినదేమిటో దాన్ని తిరిగి పెట్టాలని నిర్ణయించుకున్నాను. ఆటగాడికి ఊపిరి అనే ఒక చిన్న పట్టీ ఇచ్చాను. స్పేస్ కీ నొక్కితే ఏ దిశలోనైనా 5.66 వేగంతో ఒకటిన్నర సెకను పరిగెత్తవచ్చు, ఆ తర్వాత ఊపిరి అయిపోతుంది. స్తంభం చాటున కదలకుండా నిలబడితేనే అది మళ్ళీ నిండుతుంది. దాంతో అంతకు ముందు విసుగు పుట్టించిన దాక్కోవడానికి ఒక కారణం ఏర్పడింది, పరుగుకు ఒక హద్దు ఏర్పడింది. ఆ అమ్మాయి ఈసారి గంటసేపు ఆడి, తన స్నేహితురాళ్ళను కూడా వెంటబెట్టుకొచ్చింది. స్తంభం వెనుక పట్టీ నిండుతుంటే, కాపలావాడు దగ్గరికి వస్తుంటే, స్పేస్ కీ మీద బొటనవేలు ఆనించి ఊపిరి బిగబట్టిన ఆ పిల్లల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

నాకు ఆ ప్రాజెక్టుకు మార్కులు తగ్గాయి. ఏడాది మొదట్లో, ఇంకా ఒక్క వరుస కోడ్ కూడా రాయకముందే, మా చేత 18 పేజీల డిజైన్ పత్రం రాయించారు. పూర్తయిన గేమ్ ఆ పత్రానికి ఎంత దగ్గరగా ఉంటే అన్ని మార్కులు. నా పత్రంలో ఊపిరి పట్టీ లేదు కనుక, అది ప్రణాళికను ఉల్లంఘించడం కింద లెక్కకు వచ్చింది. ఈ పద్ధతి తప్పని అప్పుడే చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. ఎవరూ ఆడని ఆట గురించి 18 పేజీలు రాసేవారి దగ్గర ఊహలు తప్ప ఏమీ ఉండవు. ఒక పేజీ రాయించి, రెండో వారంలో చతురస్రాలు, గుండ్రాలతోనైనా సరే ఆడదగ్గ నమూనా చేయించి, ఇతరులు ఆడాక ఏం మార్చారో, ఎందుకు మార్చారో రాయిస్తే, ఆ రాతకు మార్కులు వేయడంలో అర్థం ఉంటుంది.

కాలేజీదాకా ఎందుకు ఆగకూడదో కూడా ఇక్కడే తెలుస్తుంది. కంప్యూటర్ సైన్స్ మొదటి ఏళ్ళలో మీరు రాసే ప్రోగ్రాముకు సరైన జవాబు ముందే తెలిసి ఉంటుంది, మీది దానితో సరిపోలిందా లేదా అని చూస్తారు, సరిపోలితే పని అయిపోయినట్టే. పరీక్షలన్నీ నెగ్గిన ప్రోగ్రామును వాడే మనిషి కుర్చీలోంచి ఎందుకు లేచిపోయారన్న ప్రశ్న అక్కడ చాలాకాలం ఎదురు కాదు. హైస్కూల్‌లో మాత్రం, పిలవగానే వచ్చి ఆడి, మొహమాటం లేకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పే పిల్లలు మీ చుట్టూ వందల మంది ఉంటారు.

ఏ ఇంజిన్, అంటే గేములు తయారు చేసుకునే ఏ సాఫ్ట్‌వేర్, నేర్చుకోవాలన్న వాదనలో మీ కాలం వృథా చేసుకోవద్దని కూడా వేడుకుంటున్నాను. మా తరగతిలో కొందరు యూనిటీ గొప్పదా, అన్‌రియల్ గొప్పదా అని తేల్చుకోవడంలోనే సగం ఏడాది గడిపారు. కోడ్ అసలు రాయనివారికి 2007లో వచ్చిన స్క్రాచ్ సరిపోతుంది. రాయగలిగేవారికి ఉచితంగా దొరికే గొడో చాలు. యూనిటీ వాడితే సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తుంది, అన్‌రియల్‌లో కోడ్ బదులు బ్లూప్రింట్ అనే పద్ధతిలో తెర మీది డబ్బాలను గీతలతో కలుపుతూ కూడా ఆట నడిపించవచ్చు. వీటిలో దేన్ని ఎంచుకున్నా, రెండు కీలు కలిపి నొక్కితే వేగం పెరిగే తప్పు మీ ఆటలోకి వచ్చే అవకాశం ఉంది. కదలికను ఫ్రేముల లెక్కన రాస్తే నెమ్మది కంప్యూటర్‌లో ఒకలా, వేగవంతమైన దానిలో ఇంకోలా ఆట నడిచే తప్పు కూడా అన్నిటిలో సాధ్యమే. ఆ రెండిటినీ సొంతంగా చేసి, సొంతంగా సరిదిద్దుకున్నవారు ఏ ఇంజిన్‌లోకైనా నెల తిరిగేలోపు మారగలరు.

ఉద్యోగం సంగతి కూడా అడిగారు కాబట్టి చెబుతున్నాను. 2023, 2024 సంవత్సరాల్లో గేమ్ కంపెనీలు వేలమందిని తొలగించాయి. అనుభవం ఉన్నవారికే కష్టంగా ఉన్న రంగాన్ని నమ్ముకుని గణితం, భౌతికశాస్త్రం మానేసి ఈ కోర్సు తీసుకోవద్దు. వాటితో పాటు తీసుకోండి. అవి లేకపోతే ఇందులో పట్టు దొరకదు, ఇది ఉంటే అవి బుర్రలో నిలుస్తాయి.

పోయిన ఏడాది మా సాఫ్ట్‌వేర్‌లో ఒక కొత్త తెర తయారు చేశాను, పరీక్షలన్నీ నెగ్గింది. అయినా అలవాటు కొద్దీ, అనుమతి తీసుకుని ఒక నర్సు వెనుక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆవిడ ఒక చేత్తో మందుల పళ్ళెం పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో మాత్రమే తెరను తాకుతున్నారు; నేను పై మూలలో పెట్టిన బటన్ ఆ వేలికి అందడం లేదు. నేను దాన్ని ఎప్పుడూ రెండు చేతులతోనే వాడి చూశాను. ఆ క్షణంలో నాకు గుర్తుకొచ్చింది రెండు బాణం కీలు కలిపి నొక్కిన ఆ అమ్మాయి వేళ్ళే.

కాబట్టి కోర్సులో చేరేముందు, అది చెప్పే ఉపాధ్యాయులను కలిసి, మా గేమును మాకు తెలియనివారు మొదటిసారి ఎన్నో వారంలో ఆడతారు అని అడగండి. మొదటి నెలలోనే అని చెబితే వెంటనే చేరండి. ఏడాది చివర ప్రదర్శన రోజున అని చెబితే కూడా చేరండి, కానీ అప్పటిదాకా ఆగకుండా, ప్రతి శుక్రవారం సాయంత్రం కింది తరగతి పిల్లల్లో ఒకరిని మీరే పిలిచి, కీబోర్డు వారి చేతికిచ్చి, ఒక్క మాట కూడా చెప్పకుండా పక్కన నిలబడండి.