‘సాండ్రా ఓ సినిమాలో నటించింది’ – ఎవరి సినిమాలో?

సందేహం: టొరంటోలో మా తెలుగు పిల్లల కోసం కెనడా కళాకారుల పరిచయాలు రాస్తున్నాను. సాండ్రా ఓ గురించి ఇలా రాశాను: “ప్రవాస కొరియన్ నటి సాండ్రా ఓ సినిమాతో 1994లో జాతీయ అవార్డు గెలుచుకుంది. 2004లో వచ్చిన ‘సైడ్‌వేస్’కు అలెగ్జాండర్ పేన్ దర్శకత్వం వహించారు, అందులో సాండ్రా నటించింది. తరవాత ‘గ్రేస్ అనాటమీ’ సీరియల్లో పదేళ్లు డాక్టర్‌గా పనిచేసింది. 2018లో ఎమ్మీకి ఎంపికైన తొలి ఆసియా నటి ఈమె. 2022లో ‘టర్నింగ్ రెడ్’కు డబ్బింగ్ చెప్పింది.” చదివినవారు ఒక్కొక్కరు ఒక్కో తప్పు చూపిస్తున్నారు. ఏది సరిచేయాలి? ‘నటించింది’ అనాలా, ‘నటించారు’ అనాలా?

సమాధానం: మీ వాక్యాల్లో వ్యాకరణ దోషాలు దాదాపు లేవు. చిక్కంతా మాట ఒకటి చెబుతుంటే విషయం మరొకటి కావడంలో ఉంది. ఒక నటి వృత్తి జీవితాన్ని నాలుగు ముక్కల్లో చెప్పేటప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది. అవార్డు, పాత్ర, ఏళ్లు, ‘తొలి’ అనే మాట, ఈ నాలుగింటి దగ్గర జాగ్రత్త పడాలి. అంతకంటే ముందు పేరు సంగతి చూద్దాం.

ఆమె ఇంటిపేరు ‘ఓ’. తెలుగులో ‘ఓ’ అంటే ‘ఒక’. అందుకే మీ మొదటి వాక్యం రెండు రకాలుగా చదువుకోవచ్చు. సాండ్రా ఓ అనే నటి సినిమాతో అవార్డు గెలుచుకుందనేది ఒకటి. సాండ్రా అనే నటి ఏదో ఒక సినిమాతో అవార్డు గెలుచుకుందనేది రెండోది. ‘సాండ్రా ఓ అవార్డు గెలుచుకున్నారు’, ‘సాండ్రా ఓ సినిమాలో నటించింది’ అన్నవీ అంతే. కామా పెట్టి విడదీయవచ్చు గాని శీర్షికల్లో కామా ఉండదు, పైకి చదివేటప్పుడు వినిపించదు. ఇంటిపేరు ఒక్కటే వాడితే మరీ కష్టం. ‘ఓ నటించిన తొలి చిత్రం’ అని మొదలుపెడితే తెలుగు పాఠకుడు కర్త కోసం వెతుక్కుంటాడు.

దీనికి మూడు పనులు చెయ్యండి. మొదటిసారి పూర్తి పేరు రాసి, ‘ఓ’ ఆమె ఇంటిపేరని అక్కడే చెప్పండి. ఆ తరవాత ‘సాండ్రా’ అనే పిలవండి. ఇంటిపేరుతో మాత్రమే ప్రస్తావించడం ఇంగ్లిషు పత్రికల పద్ధతి. మనకు ఇంటిపేరు గుర్తు కోసం, పిలుపు అసలు పేరుతో. ఇక మూడోది ముఖ్యం: ఆ వ్యాసం మొత్తంలో ‘ఒక’ అనవలసినచోట ‘ఓ’ వాడకండి. ఆ ఒక్క నియమంతో సగం గందరగోళం పోతుంది.

విభక్తులు చేర్చడంలో ఇబ్బందేమీ లేదు. రేడియోకు, రేడియోను, రేడియోతో అన్నట్టే సాండ్రా ఓకు, సాండ్రా ఓను, సాండ్రా ఓతో. ‘కు’ బదులు ‘కి’ వాడినా తప్పులేదు గాని ఒకే వ్యాసంలో రెండూ కలపకండి. రెండు పేర్ల మధ్య సంధి చెయ్యకూడదు, ఖాళీ ఉండాల్సిందే. కొందరు పలుకుబడిని బట్టి ‘సాండ్రా వో’ అని రాస్తారు. ఒకటిని ‘వొకటి’ అన్నట్టు నోట్లో వకారం పుట్టడం సహజమే. తెలుగు మాటల మొదట వొ, వో లు లేవని చిన్నయసూరి బాలవ్యాకరణం చెబుతుంది. ఇది తెలుగు మాట కాకపోయినా, ఆమె పలికే ధ్వనిలోనూ వకారం లేదు కాబట్టి ‘ఓ’ అనే రాయండి.

‘ప్రవాస కొరియన్ నటి’ అన్నది సరికాదు. ప్రవాసం అంటే సొంత ఊరు, దేశం వదిలి వెళ్లి ఉండడం. అలా వెళ్లింది ఆమె తల్లిదండ్రులు. సాండ్రా 1971లో, ఇప్పుడు ఒట్టావాలో భాగమైన నెపీయన్‌లో పుట్టారు, మాంట్రియల్‌లోని నేషనల్ థియేటర్ స్కూల్లో నటన నేర్చుకున్నారు. ‘కొరియా సంతతికి చెందిన కెనడా నటి’ అనండి. మీ పిల్లల విషయంలోనూ ఇదే తేడా ఉంది: హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వెళ్లిన మీరు ప్రవాసాంధ్రులు, ప్రవాస తెలుగువారు. అక్కడే పుట్టిన పిల్లలు తెలుగు సంతతి కెనడియన్లు. ‘కెనడా నటి’, ‘కెనడియన్ నటి’ రెండింటిలో మొదటిదే తెలుగు పద్ధతి. దేశం పేరు నామవాచకం ముందు పెడితే మనకు విశేషణం అయిపోతుంది, ప్రత్యయం అక్కర్లేదు. 2018లో ఆమె అమెరికా పౌరసత్వం కూడా తీసుకున్నారు. అయినా ‘కెనడా నటి’ అనడానికి అది అడ్డు కాదు.

‘జాతీయ అవార్డు’ అన్న మాట మార్చాలి. తెలుగు పాఠకుడికి జాతీయ అవార్డు అంటే ఢిల్లీలో ప్రభుత్వం ఇచ్చేది. మీనా షమ్ తీసిన ‘డబుల్ హ్యాపీనెస్’కు 1994లో సాండ్రాకు వచ్చినది జీనీ అవార్డు. దాన్ని ఇచ్చేది కెనడా సినిమా, టెలివిజన్ అకాడమీ. ‘లాస్ట్ నైట్’ చిత్రానికి రెండో జీనీ అందుకున్నారు. 2013 నుంచి ఆ పురస్కారాలు కెనడియన్ స్క్రీన్ అవార్డుల్లో కలిసిపోయాయి, కాబట్టి పాతవాటికి ‘జీనీ’ అన్న పేరే ఉంచండి. 2022లో ప్రకటించిన ‘ఆర్డర్ ఆఫ్ కెనడా’ మాత్రం దేశం ఇచ్చే పౌర పురస్కారం. ఈ రెండు రకాలకూ ఒకే మాట వాడితే పిల్లలకు తేడా తెలియదు.

ఇప్పుడు క్రియ సంగతి. తెలుగులో మగవాడికి ‘నటించాడు’, ఆడమనిషికి ‘నటించింది’, ఇద్దరికీ గౌరవార్థంలో ‘నటించారు’. ‘ఆమె నటించింది’ అనడం అగౌరవమేమీ కాదు, కథల్లో, కబుర్లలో అది మామూలే. మీ వాక్యంలో పొరపాటు వేరు: ఒకే వాక్యంలో పేన్ ‘వహించారు’, సాండ్రా ‘నటించింది’. దర్శకుడికి బహువచనం, నటికి ఏకవచనం. మన పత్రికల్లో ఎంతోకాలంగా ఉన్న అలవాటు ఇది, మానుకోవలసిన అలవాటు. ఇద్దరికీ ‘రు’ పెట్టండి, లేదా ‘పేన్ తీశాడు, సాండ్రా నటించింది’ అనండి. పరిచయ వ్యాసానికి మొదటిదే బాగుంటుంది.

అలా చేస్తే ఇంకో లాభం ఉంది. నటికి గౌరవ బహువచనం, పాత్రకు ఏకవచనం అని పెట్టుకుంటే ఎవరి గురించి చెబుతున్నారో క్రియే చెప్పేస్తుంది. ‘గ్రేస్ అనాటమీ’లో సాండ్రా వేసిన పాత్ర పేరు క్రిస్టీనా యాంగ్. దాని గురించి ఇలా రాయవచ్చు: ‘క్రిస్టీనా పోటీ పడి శస్త్రచికిత్సలు చేస్తుంది. పదో సీజన్ చివర ఆసుపత్రి వదిలి వెళ్తుంది. సాండ్రా కూడా అక్కడితో ఆ సిరీస్ నుంచి తప్పుకున్నారు.’ మూడు వాక్యాల్లో ఎక్కడా ‘ఆ పాత్ర’ అని గుర్తుచేయాల్సిన పని పడలేదు చూడండి. పాత్ర చేసే పనులకు వర్తమానం, నటి చేసిన పనులకు భూతకాలం వాడడం కూడా ఇందుకు తోడ్పడుతుంది.

‘డాక్టర్‌గా పనిచేసింది’ అంటే నిజంగానే వైద్యం చేసిందని అర్థం. ‘ఆ సిరీస్‌లో డాక్టర్‌గా చేసింది’ అంటే సినిమా వాళ్ల మాటల్లో పాత్ర అనే తెలుస్తుంది, కానీ అక్కడ సిరీస్ పేరు పక్కనే ఉండాలి. 2021లో వచ్చిన ‘ద చైర్’ గురించి ‘విశ్వవిద్యాలయంలో విభాగాధిపతిగా చేశారు’ అని విడిగా రాస్తే ఎవరైనా ఉద్యోగమనే అనుకుంటారు. ‘క్రిస్టీనా యాంగ్ అనే శస్త్రవైద్యురాలి పాత్ర పోషించారు’ అంటే ఏ అనుమానమూ ఉండదు. పాత్ర పేరు, వృత్తి, ‘పాత్ర’ అన్న మాట, మూడూ ఉండేలా చూసుకోండి. ఆమెను ‘హీరోయిన్’ అనవద్దు. ‘గ్రేస్ అనాటమీ’లో ఆమెది సహాయ పాత్ర, గోల్డెన్ గ్లోబ్ కూడా ఆ విభాగంలోనే వచ్చింది. 2018లో మొదలైన ‘కిల్లింగ్ ఈవ్’ సిరీస్‌లో మాత్రం ప్రధాన పాత్ర.

‘పదేళ్లు’ కూడా తప్పే. ‘గ్రేస్ అనాటమీ’ 2005 మార్చిలో మొదలైంది. సాండ్రా 2014 మే వరకు ఉన్నారు. అంటే తొమ్మిదేళ్లు దాటింది, పదేళ్లు నిండలేదు. సీజన్లు మాత్రం పది. మొదటి సీజన్ వసంతంలో తొమ్మిది ఎపిసోడ్లతో నడిచి ముగిసింది, రెండోది అదే ఏడాది శరత్తులో మొదలైంది. అందువల్ల లెక్కలో ఒకటి పెరిగింది. సీజన్‌ను ఏడాదిగా మార్చి రాయకండి. ‘భాగం’ అని అనువదించినా చిక్కే, దాన్ని ఎపిసోడ్ అనుకుంటారు. సీజన్, ఎపిసోడ్ అనేవి ఇప్పుడు అందరికీ తెలిసిన మాటలే, అలాగే ఉంచండి. ‘సీరియల్’ అంటే మన ఇళ్లలో రోజూ రాత్రి వచ్చేది గుర్తొస్తుంది. నాలుగు సీజన్లకు కలిపి 32 ఎపిసోడ్లున్న ‘కిల్లింగ్ ఈవ్’ను అలా అనలేం. ‘సిరీస్’ అనండి.

మీ పేరాలో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం ‘ఎమ్మీకి ఎంపికైన తొలి ఆసియా నటి’ అన్నది. ‘ఎంపికైంది’ అంటే గెలిచిందనే అర్థం. ఎమ్మీ అమెరికాలో టీవీ కార్యక్రమాలకు ఇచ్చే అవార్డు. సాండ్రాకు వచ్చింది నామినేషన్, నటనకు ఎమ్మీ రాలేదు. మనకు నామినేషన్ ఎన్నికల మాట కాబట్టి ‘నామినేషన్ వేశారు’ అనడమూ కుదరదు. ‘నామినేషన్ వచ్చింది, దక్కింది, పోటీలో నిలిచారు’ అనవచ్చు.

ఇక ‘తొలి’. మీరు రాసినట్టయితే 2018కి ముందు ఏ ఆసియా నటికీ ఎమ్మీ నామినేషన్ లేదని అర్థం. సాండ్రాకే 2005 నుంచి 2009 వరకు వరసగా ఐదేళ్లు సహాయనటి విభాగంలో నామినేషన్లున్నాయి! 2018లో కొత్తగా జరిగింది డ్రామా సిరీస్ ప్రధాన నటి విభాగంలో. ‘తొలి’కి హద్దు ఆ విభాగం. హద్దు జారిపోతే వాక్యం అబద్ధమవుతుంది. ‘తొలి’ తన పక్కనున్న నామవాచకాన్నే పట్టుకుంటుందని కూడా గుర్తుంచుకోండి. ‘తొలి నామినేషన్ అందుకున్న ఆసియా నటి’ అంటే అది ఆమె మొదటి నామినేషన్ అవుతుంది. సంవత్సరాన్ని వాక్యం మొదట పెట్టి ‘2018లో నామినేషన్ అందుకున్న తొలి నటి’ అంటే ఆ ఏడాది అందరికంటే ముందు అందుకున్నారనిపించవచ్చు. ఇన్ని హద్దులున్నప్పుడు ఒకే పొడవాటి విశేషణంగా కట్టకుండా రెండు వాక్యాలు చెయ్యడం మంచిది.

గోల్డెన్ గ్లోబ్ గురించి రాసినా ఇదే జాగ్రత్త. 2019 జనవరిలో ‘కిల్లింగ్ ఈవ్’కు ఆమె ఉత్తమ నటి అయ్యారు. దాన్ని ‘ఆ అవార్డు గెలిచిన తొలి ఆసియా నటి’ అని రాసేవారున్నారు. అదే విభాగంలో 1981లోనే జపాన్ నటి యోకో షిమడా ‘షోగన్’కు గెలిచారు.

‘డబ్బింగ్ చెప్పింది’ అంటే తెరమీద ఇంకొకరున్నారని, లేదా వేరే భాషలో తీసినదానికి తరవాత గొంతు కలిపారని అనుకుంటాం. టొరంటోలో జరిగే ‘టర్నింగ్ రెడ్’ కథలో అమ్మాయి తల్లి మింగ్‌కు అసలు గొంతే సాండ్రాది. ‘గొంతు ఇచ్చారు’ అనండి, ‘గాత్రం అందించారు’ అన్నా సరే.

ఇప్పుడు మీ పేరా ఇలా ఉండొచ్చు:

“సాండ్రా ఓ (‘ఓ’ ఆమె ఇంటిపేరు) కొరియా సంతతికి చెందిన కెనడా నటి. ‘డబుల్ హ్యాపీనెస్’ చిత్రానికి 1994లో జీనీ అవార్డు గెలుచుకున్నారు. 2004లో అలెగ్జాండర్ పేన్ దర్శకత్వం వహించిన ‘సైడ్‌వేస్’లో నటించారు. 2005 నుంచి 2014 వరకు ‘గ్రేస్ అనాటమీ’ సిరీస్ పది సీజన్లలో క్రిస్టీనా యాంగ్ అనే శస్త్రవైద్యురాలి పాత్ర పోషించారు. ‘కిల్లింగ్ ఈవ్’కు 2018లో డ్రామా సిరీస్ ప్రధాన నటి విభాగంలో ఎమ్మీ నామినేషన్ వచ్చింది. ఆ విభాగంలో నామినేషన్ అందుకున్న ఆసియా సంతతి మహిళల్లో ఆమే మొదటివారు. 2022లో ‘టర్నింగ్ రెడ్’లో తల్లి పాత్రకు గొంతు ఇచ్చారు.”

టైపు చేసేటప్పుడు ‘సిరీస్‌లో’ అన్నచోట పొల్లు నిలిచేలా, అంటే స, ల రెండూ కలిసి ‘సిరీస్లో’ అనే ఒత్తుగా మారకుండా చూసుకోండి. ‘సైడ్‌వేస్’లో డకారం తరవాతా అంతే. చాలా తెలుగు కీబోర్డుల్లో దీనికి విడిగా ఒక మీట ఉంటుంది. ‘సీజన్లు’, ‘ఎపిసోడ్లు’ మాత్రం తెలుగు బహువచనంతో కలిసిపోయిన మాటలు కాబట్టి వాటిని ఒత్తుతోనే రాయవచ్చు.