‘నరం కుట్టాం’ అన్నారు.. మరి వేళ్లెందుకు లేవడం లేదు?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులో పని. నాలుగు నెలల కిందట కుడిచేయి బెల్టులో పడింది. మోచేతికి కాస్త పైనుంచి ముంజేయి సగం దాకా నుజ్జయింది. ఎముకలు విరిగాయి, తోలు ఊడొచ్చింది. ఆ రాత్రే హైదరాబాద్ తీసుకెళ్లాం. కాలి నుంచి నరం తీసి చేతిలో కుట్టామన్నారు, బయట రాడ్లు బిగించారు. తర్వాత ముంజేతిని గజ్జ దగ్గర కుట్టి మూడు వారాలు ఉంచి తోలు తెప్పించారు. గాయం మానింది. కానీ మణికట్టు వేలాడిపోతోంది, వేళ్లు పైకి లేవడం లేదు. పట్టు కొంచెం ఉంది, అరచేతిలో స్పర్శ తెలుస్తోంది. నరం కుట్టాక కూడా ఇలా ఎందుకు? ఒక డాక్టర్ మళ్లీ ఆపరేషన్ అంటున్నారు. చుట్టాలేమో ఈ చేయి తీయించేసి కృత్రిమ చేయి పెట్టించమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక అక్క, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ ‘నరం’ సంగతి తేల్చుకుందాం. మన వాడుకలో రక్తం పారేదీ నరమే, వేలిని లాగే టెండనూ నరమే, కదలికనూ స్పర్శనూ మోసే నాడీ నరమే. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డవాళ్లకు మేమూ ఆ ఒక్క మాటతోనే చెప్పేసి లోపలికి వెళ్లిపోతాం. మీ తమ్ముడికి కాలి నుంచి తీసి కుట్టింది దాదాపుగా సిరే అయివుంటుంది, తెగిన రక్తనాళానికి అతుకుగా. ఆ రాత్రి చేయి బతికింది దానివల్లే. కండకు రక్తం ఆగితే ఆరు గంటలు దాటేసరికి అది చచ్చిపోవడం మొదలవుతుంది. కాబట్టి ఎముకను నిలబెట్టడం, రక్తం పారించడం, నలిగిన కండ తీసేసి శుభ్రం చేయడం ముందు. మణికట్టును లేపే నాడి పని తర్వాత.

తర్వాత అని వదిలేయడం నిర్లక్ష్యం కాదు. కత్తి నరికినట్టు బెల్టు నరకదు, పట్టి లాగుతుంది. నాడి తెగకపోయినా లోపల ఎంత దూరం సాగి చెడిందో మొదటిరోజు ఎవరికీ కనిపించదు. 1962లో అమెరికాలోని బోస్టన్‌లో, గూడ్సు రైలు ప్రమాదంలో భుజం దగ్గర తెగిపోయిన పన్నెండేళ్ల అబ్బాయి చేతిని డాక్టర్ రొనాల్డ్ మాల్ట్ బృందం తిరిగి అతికించింది. పూర్తిగా తెగిన చేతిని అలా విజయవంతంగా అతికించడం ప్రపంచంలో అదే మొదలు. అంతటి ఆపరేషన్‌లోనూ నాడులను ఆ రోజు కలపలేదు, కొన్ని నెలలు ఆగి వేరుగా కలిపారు.

మీరు చెప్పిన గుర్తులను బట్టి చెడింది రేడియల్ నాడి, మణికట్టునూ వేళ్లనూ పైకి లేపేది అదే. మోచేతికి పైన అది ఎముకను ఆనుకుని వెళ్తుంది. అరచేతిలో స్పర్శ ఉందంటే మిగతా రెండు పెద్ద నాడులు చాలావరకు పనిచేస్తున్నట్టే. ఒక చిన్న పరీక్ష మీరే చేయండి. తమ్ముడి మణికట్టును మీ చేత్తో కాస్త పైకి లేపి పట్టుకుని, ‘ఇప్పుడు నా వేలు గట్టిగా పట్టుకో’ అనండి. ఇందాకటి కంటే పట్టు బిగుస్తుంది చూడండి. పిడికిలి బిగించే కండరాలు ఉన్నాయి. మణికట్టు వాలిపోవడం వల్ల వాటి బలం వృథా పోతోంది. ఇలాంటి చేతిని తీయించేయమని నేను చచ్చినా చెప్పను.

చుట్టాలను తప్పుపట్టనక్కర్లేదు. వాళ్లు కృత్రిమ కాలుతో పొలం వెళ్లేవాళ్లను చూసి ఉంటారు. కాలు పని వేరు, బరువు మోస్తే చాలు. చేతికి తెలివి ఉండాలి. జేబులో చేయి పెట్టి చూడకుండానే రూపాయి బిళ్ల ఏదో తాళంచెవి ఏదో చెప్పేది స్పర్శ, అది ఎంత ఖరీదైన కృత్రిమ చేతికీ మనకు పుట్టుకతో వచ్చిన చేతికున్నట్టు ఉండదు. స్పర్శ పూర్తిగా పోయి, చీము ఆగక, నొప్పితో నిద్ర లేని చేయి అయితే తీసే మాట ఆలోచిస్తాం. మీది అది కాదు.

ఇక గడియారం సంగతి. నాడి తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, అంటే నెలకు ఒక అంగుళం. దాని కోసం కండరం ఎన్నాళ్లైనా ఎదురుచూడదు. ఏడాది, ఏడాదిన్నర ఆజ్ఞ అందకపోతే ఎండి, తర్వాత నాడి వచ్చి తట్టినా పలకదు. నాడికి అతుకు వేయాల్సి వస్తే ఆరు నెలల లోపు వేయడం మంచిది. దీనికి పిక్క వెనక నుంచి స్పర్శ నాడిని తీస్తారు, పాదం అంచున కొంత తిమ్మిరి మిగులుతుంది, అంతే. నాలుగు నెలలు ఆలస్యం కాదు, కానీ ‘పండగ వెళ్లాక చూద్దాం’ అనే తీరిక కూడా లేదు. ఈ నెలలోనే చేతి సర్జన్‌కో ప్లాస్టిక్ సర్జన్‌కో చూపించి ఈఎంజీ (నాడి ఆజ్ఞ కండరానికి అందుతోందో లేదో చూసే పరీక్ష) చేయించండి.

నేను నా రోగుల చేతి మీద పెన్నుతో గీత పెడతాను. వేళ్ల వైపు నుంచి మోచేతి వైపుకు నాడి దారి వెంట వేలితో తడుతూ వస్తే, ఒకచోట కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. నాడి కొస అక్కడిదాకా వచ్చిందని. నెల తర్వాత మళ్లీ తడతాం. చెరకు బండిలో చేయి పడ్డ ఒకాయన ఇంట్లో కూడా తట్టి చూసుకుని, ‘బొటనవేలంత జరిగింది సార్’ అని ఫోన్ చేసేవాడు. గీత జరుగుతుంటే ఆగవచ్చు. నాలుగు నెలలకూ కదలక, ఈఎంజీలోనూ ఏమీ రాకపోతే తెరిచి చూడాల్సిందే.

నాడి రాకపోయినా దారి మూసుకుపోదు. ఆ డాక్టర్ అన్న ‘మళ్లీ ఆపరేషన్’ బహుశా టెండన్ మార్పిడి. అరచేతిని కిందికి తిప్పే కండరాన్ని మణికట్టు లేపే టెండన్‌కు, మణికట్టును వంచేవాటిలో ఒకదాన్ని వేళ్లకు, ఇంకొకదాన్ని బొటనవేలికి కలుపుతారు. ఇంట్లో ఇద్దరు చేసే పని నుంచి ఒకరిని ఇటు మళ్లించడం లాంటిది. ఇందులో మంచి ఫలితాలు వచ్చేది ఈ నాడి విషయంలోనే. అయితే అరువు తెచ్చే కండరాలు బెల్టులో నలగకుండా మిగిలాయా అన్నది చేత్తో పట్టి చూసిన సర్జనే చెప్పాలి. ఎముక అతుక్కుని ఉండాలి, కొత్త తోలు కింద మెత్తదనం ఉండాలి.

కీళ్లు బిగుసుకుపోతే ఇవేవీ పనిచేయవు. ఇది ఆసుపత్రి పని కాదు, మీ ఇంటి పని. మణికట్టును లేపి ఉంచే స్ప్లింట్ రాత్రీపగలూ వేయండి. రోజుకు నాలుగైదు సార్లు తీసి, ఎడమచేత్తో కుడి వేళ్లను ఒక్కొక్కటీ పూర్తిగా చాపి, పూర్తిగా వంచమనండి, ముఖ్యంగా పిడికిలి కణుపుల దగ్గర. బీడీ సిగరెట్లు ఉంటే మానేయాలి, సన్నని రక్తనాళాలను అవి ఇంకా బిగిస్తాయి.

మీరు అడగలేదు కానీ ఒక మాట. ఈఎస్ఐ ఉంటే పనికి వెళ్లలేని కాలానికి జీతంలో 90 శాతం దాకా వస్తుంది. లేకపోతే పరిహారం కోసం కార్మిక శాఖలో రెండేళ్ల లోపు దరఖాస్తు పెట్టాలి. ఆసుపత్రి బిల్లు యజమాని కట్టాడని ఆ హక్కు పోదు.

సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి. మొదటి రాత్రి ఆపరేషన్ నోట్స్ నకలు పాత ఆసుపత్రిలో అడిగి తీసుకోండి. రేడియల్ నాడి కనిపించిందా, తెగి ఉందా, సాగి ఉందా అన్నది అందులో ఒక వాక్యంలో రాసి ఉండవచ్చు. ఆ వాక్యం దొరికితే మీ కొత్త డాక్టర్‌కు సగం పని తగ్గుతుంది.