రిటైరైన బేస్‌బాల్ ఆటగాడికి ఇచ్చే గౌరవం: ఇచిరో, 51వ నంబరు

రిటైరైన ఆటగాడి నంబరును మరెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టడం, హాల్ ఆఫ్ ఫేమ్‌లో (గొప్ప ఆటగాళ్ళ స్మారక మ్యూజియంలో) ఆయన పేరిట కంచు ఫలకం తగిలించడం నిజంగా గౌరవమేనా, లేక టికెట్లు అమ్ముకోవడానికి బేస్‌బాల్ జట్లు చేసే హడావుడా అని మీరు అడిగారు. నేను అమెరికాలోని సియాటిల్ పరిసరాల్లో ఎంతో కాలంగా ఉంటున్నాను. 2025 ఆగస్టు 9న టి-మొబైల్ పార్కు స్టేడియంలో ఇక్కడి మెరైనర్స్ జట్టు, జపాన్ నుంచి వచ్చి ఆడిన ఇచిరో సుజుకి 51వ నంబరును శాశ్వతంగా పక్కన పెట్టినప్పుడు ప్రేక్షకుల్లో కూర్చుని చూశాను. వ్యాపారం లేదని అనను. ఆ రోజు టికెట్టుకు నేను పెట్టిన డబ్బే అందుకు సాక్ష్యం. అయినా ఆ తతంగానికి అర్థం ఉందని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ నంబరునూ, తాను దాటిన రికార్డులనూ ఇచిరో ఏనాడూ తన సొంత ఆస్తిగా చూడలేదు. తనకంటే ముందు ఆడినవారి నుంచి అందినవిగానే చూశారు.

నంబరు సంగతి మన క్రికెట్ అభిమానులకు కొత్త కాదు. 2017లో శ్రీలంక పర్యటనలో శార్దూల్ ఠాకూర్ 10వ నంబరు చొక్కాతో దిగినప్పుడు సచిన్ అభిమానులు ఎంత గొడవ చేశారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత ఠాకూర్ 54కు మారారు, 10వ నంబరు మళ్ళీ భారత జట్టులో కనిపించలేదు. మన దగ్గర అది అభిమానుల ఒత్తిడితో జరిగింది. అమెరికాలో దానికి స్పష్టమైన పద్ధతి ఉంది: ప్రతి జట్టుకూ సొంత నియమాలు ఉంటాయి. మెరైనర్స్ ఈ విషయంలో బాగా పిసినారి జట్టు. కెన్ గ్రిఫీ జూనియర్ 24, ఎడ్గార్ మార్టినెజ్ 11 తరువాత ఆ జట్టు తన సొంత ఆటగాళ్ళలో ఈ గౌరవం ఇచ్చిన మూడో వ్యక్తి ఇచిరో. ఆ స్టేడియంలో కనిపించే 42, ఆధునిక మేజర్ లీగుల్లో తొలి నల్లజాతి ఆటగాడైన జాకీ రాబిన్సన్‌ది. 1997లో అన్ని జట్లూ కలిసి పక్కన పెట్టిన నంబరు అది.

51వ నంబరుకు ఇచిరో కంటే ముందు సియాటిల్‌లో ఒక యజమాని ఉన్నారు. ఆరడుగుల పది అంగుళాల పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) రాండీ జాన్సన్ ఆ నంబరుతోనే ఇక్కడ పేరు తెచ్చుకుని 1998లో వేరే జట్టుకు వెళ్ళిపోయారు. 2001లో జపాన్ నుంచి వచ్చిన, అమెరికాలో ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఆడని కొత్తవాడికి అదే నంబరు ఇవ్వడం చాలామందికి రుచించలేదు. అప్పుడు ఇచిరో స్వయంగా జాన్సన్‌కు ఉత్తరం రాసి, ఆ నంబరుకు తన వల్ల మచ్చ రానివ్వనని మాట ఇచ్చారు. పదకొండేళ్ళ తరువాత, 2012 జులైలో న్యూయార్క్ యాంకీస్‌కు మారినప్పుడు ఆయన 51 అడగనే లేదు. ఆ జట్టులో 51 అంటే బెర్నీ విలియమ్స్. యాంకీస్ అప్పటికి ఆ నంబరును అధికారికంగా పక్కన పెట్టకపోయినా, దాన్ని తాను తొడుక్కోవడం సరికాదని ఇచిరో 31 తీసుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం కలిగించిన మొదటి విషయం ఇదే. ఆయన కొట్టిన హిట్లు ఆ తరువాతే.

ఇక ఆట విషయం. బంతిని కొట్టి, ఫీల్డర్లు అవుట్ చేసేలోపు మొదటి బేస్‌కైనా (పరుగెత్తి తాకాల్సిన నాలుగు మజిలీల్లో మొదటిది) చేరితే దాన్ని హిట్ అంటారు. మొదటి బేస్ 90 అడుగుల దూరంలో ఉంటుంది. ఎడమచేతి వాటంగా ఆడే ఇచిరో బ్యాట్ ఊపుతూనే పరుగు అందుకునేవారు. నేల మీద దొర్లిన మామూలు బంతిని ఫీల్డర్ ఒక్క క్షణం ఆలస్యంగా విసిరినా ఆయన బేస్ మీద ఉండేవారు. ఒక వేసవిలో గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారిని ఆటకు తీసుకువెళ్ళాను. బేస్‌బాల్ నియమాలు ఆయనకు సగమే అర్థమయ్యాయి కానీ, మూడో ఇన్నింగ్స్ కల్లా ఒక మాట అన్నారు: “వీళ్ళందరూ సిక్సర్ల కోసం చూస్తున్నారు, ఇతనొక్కడే ఖాళీ ఎక్కడుందో చూస్తున్నాడురా.” ఇచిరో గురించి నేను విన్న విశ్లేషణల్లో ఇంతకంటే మెరుగైనది లేదు. బ్యారీ బాండ్స్ 73 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టిన 2001లోనే ఇచిరో అమెరికాలో అడుగుపెట్టారన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. కండబలమే సర్వస్వంగా ఉన్న రోజుల్లో, జపాన్ నుంచి పిచర్లు తప్ప బ్యాటర్లు ఎవరూ ఈ లీగుకు రాని రోజుల్లో, సన్నగా ఉండే ఈ మనిషి మొదటి ఏడాదే అత్యంత విలువైన ఆటగాడిగానూ, ఉత్తమ కొత్త ఆటగాడిగానూ రెండు పురస్కారాలు గెలిచారు. ఆ ఏడాది మెరైనర్స్ 116 మ్యాచ్‌లు నెగ్గారు.

ఆయన చేతి బలం చూడాలంటే 2001 ఏప్రిల్ 11న ఓక్లండ్‌లో విసిరిన బంతిని చూడండి. తాను కాసే రైట్ ఫీల్డ్‌లోకి (మైదానం కుడివైపు దూరపు భాగం) వచ్చిన బంతిని అందుకుని, మొదటి బేస్ నుంచి మూడో బేస్‌కు పరుగెత్తుతున్న టెరెన్స్ లాంగ్‌ను నేరుగా ఒకే విసురుతో అవుట్ చేశారు. బంతి నేలను తాకలేదు. సియాటిల్‌లో ఇప్పటికీ “ఆ త్రో” అంటే చాలు, ఏ త్రో అని ఎవరూ అడగరు.

ఆయన రికార్డుల్లో నేను అన్నిటికంటే పైన పెట్టేది 2004 నాటిది. ఒక సీజన్‌లో అత్యధిక హిట్ల రికార్డు 1920లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ ఆటగాడు జార్జ్ సిస్లర్ 257తో నెలకొల్పినది. ఇచిరో దాన్ని అక్టోబరు 1న సియాటిల్‌లోనే దాటి, చివరికి 262 దగ్గర ఆగారు. అందులో 225 సింగిల్సే, అంటే మొదటి బేస్ వరకే చేర్చిన హిట్లు. ఆ సీజన్లలో రైట్ ఫీల్డ్ వైపు ఒక అభిమాని హిట్లు లెక్కపెడుతూ అంకెలు మార్చే బోర్డు పట్టుకుని కూర్చునేవారు. స్కోరుబోర్డు కంటే జనం చూపు దాని మీదే ఉండేది. రికార్డు దాటిన వెంటనే ఇచిరో సిస్లర్ కుటుంబం కూర్చున్న చోటికి వెళ్ళి, వృద్ధురాలైన ఆయన కుమార్తె చేయి అందుకున్నారు. అంతటితో ఊరుకోలేదు. 2009లో ఆల్-స్టార్ మ్యాచ్ కోసం సెయింట్ లూయిస్ వెళ్ళినప్పుడు సిస్లర్ సమాధి ఎక్కడుందో తెలుసుకుని, భార్యతో కలిసి వెళ్ళి పూలు పెట్టి వచ్చారు. సిస్లర్ మరణించినదీ, ఇచిరో పుట్టినదీ 1973లోనే. ఎనభై నాలుగేళ్ళుగా దాదాపు మరుగున పడిన ఒక పేరు మళ్ళీ జనం నోట వినిపించిందంటే దానికి కారణం ఆ రికార్డును దాటిన మనిషే.

సియాటిల్ చరిత్ర మాత్రమే చెప్పి ఆపితే అంతకుముందు ఇచిరో ఆడిన జపాన్‌లోని కోబె నగరానికి అన్యాయం చేసినట్లవుతుంది. 1995 జనవరిలో వచ్చిన భూకంపంలో ఆ ప్రాంతంలో ఆరు వేలకు పైగా మరణించారు. అక్కడి ఒరిక్స్ బ్లూవేవ్ జట్టు “గంబరో కోబె”, అంటే నిలబడదాం కోబె, అని చొక్కా చేతి మీద కుట్టించుకుని ఆడి, ఆ ఏడాది లీగునూ, మరుసటి ఏడాది జపాన్ సిరీస్‌నూ గెలిచింది. ఆ జట్టుకు ప్రాణం ఇచిరో. 1994 నుంచి 2000 వరకు ఏడేళ్ళు వరుసగా ఆయనే లీగులో అత్యుత్తమ బ్యాటింగ్ సగటు సాధించారు. మా ఆఫీసులో పనిచేసే ఒక జపాన్ సహోద్యోగి కుటుంబం కోబె ప్రాంతానిది. అతనితో ఇచిరో గురించి మాట్లాడితే హిట్ల లెక్క రాదు, ఆ రెండేళ్ళ సంగతే వస్తుంది.

లెక్కల విషయంలో ఒక వివాదం ఉంది కనుక నా అభిప్రాయం చెప్పేస్తాను. అమెరికాలో 3,089, జపాన్‌లో 1,278 కలిపితే 4,367 హిట్లు అవుతాయి. అది అమెరికా లీగులో అత్యధిక హిట్లు కొట్టిన పీట్ రోజ్ 4,256 కంటే ఎక్కువ కాబట్టి ఇచిరోనే ప్రపంచంలో మొదటివాడని కొందరు అంటారు. ఇలా అయితే రేపు హైస్కూలు హిట్లు కూడా కలుపుతారన్నది రోజ్ ఎత్తిపొడుపు. రెండు వేర్వేరు లీగుల అంకెలను కూడి ఒక్క రికార్డుగా చూపించనవసరం లేదు. ఇరవయ్యేడేళ్ళ వయసులో ఈ దేశానికి వచ్చిన మనిషి ఇక్కడే మూడు వేలు దాటడం, 2001 నుంచి 2010 దాకా పదేళ్ళూ ఏటా 200కు తగ్గకుండా కొట్టడం విడిగా నిలబడగలిగిన విషయాలే. ఎవరైనా ఆయన గురించి రాసేటప్పుడు రెండంకెలూ పక్కపక్కన పెడితే చాలు.

హాల్ ఆఫ్ ఫేమ్ సంగతికి వస్తే, రిటైరైన ఆటగాడు ఐదేళ్ళు ఆగాలి, ఆ తరువాత బేస్‌బాల్ విలేఖరుల ఓట్లలో 75 శాతం రావాలి. ఆ ఐదేళ్ళ విరామం చాలా తెలివైన ఏర్పాటు. వీడ్కోలు నాటి కన్నీళ్ళు ఆరాక వేసే ఓటుకు విలువ ఎక్కువ. ఇచిరోకు 394లో 393 వచ్చాయి. ఆ ఒక్కరు ఎవరో నేటికీ బయటపడలేదు. 2025 జులై 27న హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కూపర్స్‌టౌన్‌లో ఇచిరో ఇంగ్లీషులోనే ప్రసంగిస్తూ, ఆ విలేఖరిని ఇంటికి భోజనానికి పిలిచానని, ఇప్పుడు ఆ గడువు ముగిసిందని చమత్కరించారు. తాను మూడోసారి కొత్త ఆటగాడినయ్యానని కూడా అన్నారు: మొదట 1992లో ఒరిక్స్‌లో, తరువాత 2001లో సియాటిల్‌లో, ఇప్పుడు ఇక్కడ. కూపర్స్‌టౌన్ ఆయనకు కొత్త ఊరు కాదు. ఆడుతున్న రోజుల్లోనే పలుమార్లు వెళ్ళి, అక్కడ భద్రపరిచిన పాత ఆటగాళ్ళ బ్యాట్లను చేత్తో పట్టుకుని చూసి వచ్చేవారు. ఆసియాలో పుట్టి ఆటగాడిగా అక్కడ చోటు సంపాదించిన మొదటి వ్యక్తి ఆయనే.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది: గౌరవం నిజమా కాదా అన్నది ఆ సాయంత్రపు సభను బట్టి తేలదు, ఆటగాడు రిటైరయ్యాక ఏం చేశాడు, జట్టు ఏం చేసింది అన్నదాన్ని బట్టి తేలుతుంది. 2019 మార్చి 21న టోక్యో డోమ్‌లో చివరి మ్యాచ్‌లో ఇచిరోకు ఒక్క హిట్ కూడా రాలేదు. అయినా ఆట ముగిశాక జనం కదలకుండా కూర్చుంటే మళ్ళీ మైదానంలోకి వచ్చి అభివాదం చేశారు. ఆ తరువాత కూడా ఆయన సియాటిల్‌లో యూనిఫాం వేసుకుని కుర్రాళ్ళతో కలిసి సాధన చేస్తూనే ఉన్నారు. మ్యాచ్‌కు ముందుగా వెళ్తే అవుట్‌ఫీల్డ్‌లో బంతులు అందుకుంటూ కనిపిస్తారు. జపాన్‌లో హైస్కూలు బాలికల జట్టుతో తానే పిచర్‌గా మ్యాచ్‌లు ఆడారు. ఇక జట్టు విషయానికి వస్తే, అదే 51ని రాండీ జాన్సన్ పేరిట కూడా 2026లో పక్కన పెడతామని, ఇచిరో వేడుకకు ముందే, 2025 జూన్‌లో ప్రకటించింది.